సమ్మె నోటీసులో ఆ 14 రోజులు ఎక్కడివి?

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పటి నుంచి యూనియన్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతూనే ఉంది. "ఇక మీదట సమ్మె చేయాలంటే 60 రోజుల ముందే నోటీసు ఇవ్వాలట." మా కాలనీలో ఉండే ఓ కుర్రాడు ఫార్మా ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొన్న కనబడి అతనూ ఇదే అడిగాడు. "అన్నా, రెండు నెలల ముందే చెప్పి చేస్తే అది సమ్మె ఎట్లా అవుతుంది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు గానీ లెక్క తప్పింది. ఆ నాలుగింట్లో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ 62వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చాక 14 రోజుల దాకా పని ఆపకూడదు. ఆ నోటీసు 60 రోజుల వరకే చెల్లుతుంది. ఈలోగా సమ్మెలోకి దిగకపోతే మళ్లీ కొత్త నోటీసు ఇచ్చుకోవాలి. అంటే ఆగాల్సింది 14 రోజులే. అలాగని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఆ 14 రోజులు గడిచేలోపు ఏం జరగొచ్చు అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. అది తేలాలంటే ఈ 14 అనే అంకె మన చట్టాల్లోకి ఎప్పుడు, ఎవరిని ఆపడానికి వచ్చిందో చూడాలి.

మొదట్లో మన దేశంలో యూనియన్ల గురించి చట్టమే లేదు. పని మానేయడమే నేరంగా ఉండేది. కలకత్తాలోని యూరోపియన్ వ్యాపారులు అడిగి మరీ తెచ్చుకున్న 1859 నాటి చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని వదిలేస్తే మేజిస్ట్రేటు అతన్ని మూడు నెలల దాకా జైలుకు పంపొచ్చు. కూలి ఎగ్గొట్టిన యజమానికి మాత్రం అందులో జైలు లేదు. దాన్ని రద్దు చేయడానికి 1925 దాకా పట్టింది. ఒక్కడు పని మానితేనే జైలు అయినప్పుడు, వందమంది కలిసి మానితే ఏమనాలో తెలియని కాలం అది.

ఆ ప్రశ్న కోర్టు మెట్లెక్కింది మద్రాసులో. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. పెరంబూరులో బిన్నీ కంపెనీ నడిపే బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు ఉండేవి. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే అరగంట చేతులు కడుక్కోవడానికి, తినడానికి, మళ్లీ గేటు దగ్గరికి పరిగెత్తడానికి చాలదన్నది అక్కడి కార్మికుల బాధల్లో ఒకటి. వాళ్ల గోడు విన్నవాళ్లు సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు. వాళ్లిద్దరూ వెళ్లి అనీబిసెంట్ సహచరుడు బి.పి. వాడియాను తీసుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో ఒక పద్ధతి ప్రకారం నడిచిన తొలి కార్మిక సంఘాల్లో అది ఒకటి.

1920 చివర్లో మిల్లులో గొడవ ముదిరినప్పుడు కంపెనీ పోలీసులతో సరిపెట్టుకోలేదు. వాడియా మీదా మరికొందరి మీదా మద్రాసు హైకోర్టులో దావా వేసింది. కార్మికులకూ కంపెనీకీ మధ్య పని ఒప్పందం ఉంది, దాన్ని తెంచుకొమ్మని వీళ్లు రెచ్చగొట్టారు, అందువల్ల మాకు వచ్చిన నష్టం వీళ్లే కట్టాలి అన్నది వాదన. కోర్టు తాత్కాలిక ఇంజంక్షన్, అంటే నిషేధపు ఉత్తర్వు, ఇచ్చింది. సంఘం పెట్టినందుకు సొంత ఆస్తి పోగొట్టుకోవాల్సిన పరిస్థితి వచ్చింది నాయకులకు. చివరికి కుదిరిన రాజీలో వాడియా యూనియన్‌తో సంబంధం తెంచుకున్నారు, కంపెనీ దావా ఉపసంహరించుకుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఇంగ్లండు వైపు చూడాలి. హైకోర్టు వాడిన న్యాయసూత్రం అక్కడిదే. 1901లో టాఫ్ వేల్ కేసులో రైల్వే కార్మిక సంఘం సమ్మె నష్టాన్ని కంపెనీకి చెల్లించాలని అక్కడి పెద్ద కోర్టు చెప్పింది. సంఘం మీద 23,000 పౌండ్ల భారం పడింది. దేశమంతా అట్టుడికి, 1906లో పార్లమెంటు ఆ తీర్పును తిరగదోడుతూ చట్టం చేసింది. సమ్మె చేసినందుకు సంఘం మీద దావాలు వేయకూడదంది. ఆ రక్షణ ఇంగ్లండు కార్మికుడికి దొరికి 14 ఏళ్లయినా మద్రాసు కార్మికుడికి దక్కలేదు. శిక్షించే సూత్రం ఓడెక్కి వచ్చింది గానీ, కాపాడే చట్టం అక్కడే ఉండిపోయింది. అదే ప్రభుత్వం, అదే మిల్లు గుడ్డ, మనుషులు మాత్రం వేరు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మద్రాసు దెబ్బ తర్వాతే, 1921లో, ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావాలని తీర్మానం పెట్టారు. అది చట్టమయ్యేసరికి 1926 వచ్చింది. ఆ ట్రేడ్ యూనియన్ల చట్టంలో 17, 18 సెక్షన్లు చదివితే వాడియా కేసు కళ్లకు కడుతుంది. రిజిస్టరైన యూనియన్ సభ్యులు తమ సంఘం పనికోసం చేసుకున్న ఒప్పందాన్ని నేరపూరిత కుట్ర అనకూడదు, పని ఒప్పందం తెంచుకొమ్మని ప్రోత్సహించారన్న ఒక్క కారణంతో వాళ్లమీద సివిల్ దావా వేయకూడదు. సరిగ్గా బిన్నీ కంపెనీ వేసిన దావాకు కట్టిన అడ్డుగోడ ఇది. కొత్త కోడ్ కూడా ఈ గోడను కూల్చలేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

అయితే 1926 చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ ఆ సంఘంతో యాజమాన్యం కూర్చుని మాట్లాడి తీరాలని ఎక్కడా లేదు. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవచ్చు, మేనేజర్ మాత్రం తలుపు తీయకపోవచ్చు. ఈ ఖాళీని గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే రావాలి.

సంఘాలకు దారి తెరిచిన మూడేళ్లకే సమ్మెకు దారి మూయడం మొదలైంది. 1928లో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె దాదాపు ఆరు నెలలు సాగింది. 1929 మార్చిలో కార్మిక నాయకులను దేశమంతటా అరెస్టు చేసి మీరట్ కుట్ర కేసు పెట్టారు. ఏప్రిల్ 8న ఢిల్లీలో కేంద్ర శాసనసభ కార్మిక వివాదాల బిల్లుకు ఆమోదం తెలిపింది. ఆ వెంటనే గ్యాలరీ నుంచి బాంబులు, కరపత్రాలు పడ్డాయి. భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ పేర్లు మన పిల్లలకు కూడా తెలుసు. వాళ్లు ఆ రోజు నిరసించిన బిల్లుల్లో ఒకటి సమ్మెల మీద ఆంక్షల బిల్లు అని మాత్రం పాఠాల్లో ఎక్కడో ఒక మూలకు పోయింది. కరపత్రంలో ఆ బిల్లు పేరు ఉంది.

14 అనే అంకె వచ్చింది అందులోనే. రైల్వే, తపాలా, నీళ్లు, కరెంటు లాంటి ప్రజా సేవల్లో పనిచేసేవాళ్లు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా పని ఆపితే జైలు లేదా జరిమానా. సొంత పరిశ్రమలోని వివాదం దాటి, ప్రభుత్వం మెడలు వంచేలా జనాన్ని ఇబ్బంది పెట్టే సమ్మె అయితే ఏకంగా చట్టవిరుద్ధం. ఇంగ్లండులో 1926 సార్వత్రిక సమ్మె తర్వాత అక్కడి ప్రభుత్వం 1927లో తెచ్చిన చట్టం నీడ ఇందులో బాగా కనిపిస్తుంది. ఈసారి మాత్రం ఓడ ఆలస్యం కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, భారత రక్షణ నిబంధనల్లో 81ఎ అనే నిబంధన చేర్చారు. ప్రభుత్వం కోరితే ఏ పరిశ్రమలోనైనా సమ్మెను ఆపొచ్చు, వివాదాన్ని తీర్పుకు పంపొచ్చు, ఆ తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి. యుద్ధం కోసం తెచ్చిన ఏర్పాటు అది. యుద్ధం ముగిసింది, ఏర్పాటు ముగియలేదు. 1947 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం వెన్నెముక అదే. దేశం కొన్ని నెలల్లో స్వతంత్రం కాబోతుండగా తయారైన ఆ చట్టం 78 ఏళ్లు మన కార్మికుల బతుకుల్ని నడిపింది.

ఆ చట్టం నాకు పుస్తకాల్లో కంటే ముందు మా ఇంట్లో పరిచయం. మా నాన్నగారు కోస్తాలో ఓ మిల్లులో పనిచేసేవారు, కొన్నేళ్లు యూనియన్ కార్యదర్శిగా ఉన్నారు. సమ్మె నోటీసు తయారయ్యే రాత్రి మా ఇంట్లో పెళ్లి హడావుడి లాగా ఉండేది. మూడు కార్బన్ పేపర్లు పెట్టి టైపు చేయించేవారు. ఒక కాపీ మేనేజర్‌కు, ఒకటి లేబర్ ఆఫీసుకు, ఇంకొకటి యూనియన్ ఫైలుకు. గేటు దగ్గర గుమాస్తా సంతకం చేయనంటే రిజిస్టర్ పోస్టులో పంపేవారు. ఆ తర్వాత అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు కోసం ఎదురుచూపు. దాని మీద పడిన తేదీ నుంచే లెక్క. నాన్న ఆ కార్డును చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు, క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టేవారు. ఎనిమిదో గీతో తొమ్మిదో గీతో పడేసరికి లేబర్ ఆఫీసు నుంచి జాయింట్ మీటింగ్ పిలుపు వచ్చేది. యాజమాన్యం తరఫు మనిషి రాడు. వాయిదా. మళ్లీ వస్తాడు, తనకు అధికారం లేదంటాడు. మళ్లీ వాయిదా. చర్చలు నడుస్తున్నంత కాలం సమ్మె చేయకూడదు కాబట్టి, చర్చలు సాగదీయడమే వాళ్లకు లాభం. అందరూ అలా చేయరు, నిజమే. ఒక్కోసారి ఆ గదిలోనే మంచి 12(3) అగ్రిమెంట్లు కుదిరాయి. 12(3) అంటే కన్సిలియేషన్ ఆఫీసరు, అంటే రాజీ కుదిర్చే అధికారి, సమక్షంలో కుదిరి కార్మికులందరికీ వర్తించే ఒప్పందం. ఆ అంకె మా ఇంట్లో పండగ పేరులా పలికేవారు.

ఒకసారి నోటీసు లేకుండానే కోపంలో ఒక రోజు పని ఆపేశారు. జీతం రోజున చూస్తే ఎనిమిది రోజుల కోత. జీతాల చెల్లింపు చట్టంలో ఆ వీలు ఉంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా పట్టుకోవచ్చు. ఆ నెల మా ఇంట్లో పాలు ఆపేశారు. చట్టంలో జరిమానా 50 రూపాయలే కదా అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఈ ఏర్పాటును మొదట్లోనే గట్టిగా వ్యతిరేకించిన మంత్రి ఒకరున్నారు, మన తెలుగాయనే. బరంపురంలో పుట్టి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టిన వి.వి. గిరి. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక ఆయన చెప్పిందల్లా ఒకటే. ప్రతి వివాదాన్నీ ప్రభుత్వం లాక్కెళ్లి ట్రిబ్యునల్‌లో పడేస్తే యూనియన్లు ఎప్పటికీ బలపడవు, యాజమాన్యం మాట్లాడటం ఎప్పటికీ నేర్చుకోదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. మంత్రివర్గం ఒప్పుకోలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి ఆయన రాజీనామా చేసి వచ్చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1974 మేలో, సుమారు 17 లక్షలమంది ఉద్యోగులున్న రైల్వేలో చరిత్రాత్మకమైన సమ్మె జరిగింది. నాయకుల్ని ముందే జైల్లో పెట్టి, వేలాదిమందిని అరెస్టు చేసి, మే 27 నాటికి దాన్ని అణచేశారు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఒకనాటి రైల్వే కార్మిక నాయకుడు గిరిగారే.

కోర్టుల సంగతి తొందరగా చెప్పేస్తాను. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది కాబట్టి సమ్మె హక్కు కూడా అందులోనే ఉంటుందని బ్యాంకు ఉద్యోగులు వాదిస్తే, 1961లో సుప్రీంకోర్టు కాదంది. సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కే గానీ, బేరమాడి సాధించుకోవడం, సమ్మె చేయడం ఆ హక్కులో భాగం కావంది. అప్పటి నుంచి సమ్మె ఒక చట్టపరమైన హక్కు మాత్రమే, అంటే చట్టం ఇస్తే ఉంటుంది, తీసేస్తే పోతుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన సుమారు 1.7 లక్షలమంది ఉద్యోగుల్ని ఒక్క దెబ్బకు తొలగించినప్పుడు, ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టపరమైన హక్కు లేదు, నైతిక హక్కు కూడా లేదని అదే కోర్టు చెప్పింది. మొదటి రెండింటి మీద లాయర్లు వాదించుకోవచ్చు. నైతిక హక్కు ఉందో లేదో చెప్పడం కోర్టు పని ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎస్మా, అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం, గురించి చెప్పకుండా ఈ కథ మన రాష్ట్రాలకు రాదు. అత్యవసర సేవ అని ప్రకటిస్తే చాలు, అందులో సమ్మెను ప్రభుత్వం నిషేధించొచ్చు. ఆస్పత్రి ఐసీయూ, మంచినీళ్ల పంపు ఆగిపోకూడదన్న మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ 2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాల మీద. 2023 డిసెంబరు 12 నుంచి వాళ్లు సమ్మెలో ఉన్నారు. అప్పటికి కార్యకర్తకు నెలకు వచ్చేది 11,500 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవకులు. పని మానితే మీది అత్యవసర సేవ. ఒకే మనిషిని ఒకే ప్రభుత్వం రెండు చోట్ల రెండు రకాలుగా రాసుకుంది. ఆ మహిళలు టెంటు కదల్లేదు, 42 రోజులకు చర్చలు జరిగాకే సమ్మె విరమించారు.

తెలంగాణలో 2019 అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె మొదలైనప్పుడు సుమారు 48,000 మంది తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. సెల్ఫ్ డిస్మిస్ అనే మాట ఏ లేబర్ చట్టంలోనూ లేదు. సమ్మె చట్టవిరుద్ధమని ప్రకటించమంటే, అది తేల్చాల్సింది లేబర్ కోర్టు అని హైకోర్టు చెప్పింది. 52 రోజుల తర్వాత కార్మికులు ఏమీ తేలకుండానే సమ్మె విరమించుకున్నారు. అది చట్టబద్ధమా కాదా అన్నది తేలేలోపే ఇళ్లల్లో బియ్యం అయిపోయాయి. చట్టం చేతిలో నిజంగా ఉన్న ఆయుధం ఆలస్యమే అని నేననేది ఇలాంటివి చూసే.

ఇప్పుడు కొత్త కోడ్‌కు వద్దాం. పాత చట్టంలో 14 రోజుల నోటీసు ప్రజా సేవలకు, ప్రభుత్వం అలా ప్రకటించిన పరిశ్రమలకు మాత్రమే. మామూలు ఫ్యాక్టరీలో చట్టప్రకారం నోటీసు తప్పనిసరి కాదు. కోడ్ ఆ తేడా తీసేసింది. రైల్వేకు 1929లో పెట్టిన నిబంధన ఇప్పుడు బిస్కెట్ ఫ్యాక్టరీకి కూడా. సగంమంది లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది.

ఫార్మా కుర్రాడికి కాగితం మీద గీసి చూపించాను. జూన్ 1న నోటీసు ఇచ్చావనుకో. 15 దాకా ఆగాలి. 10న లేబర్ ఆఫీసరు మొదటి మీటింగ్ పెట్టాడు. ఆ రోజు నుంచి కన్సిలియేషన్ మొదలైనట్టే, సమ్మె చేయకూడదు. సమ్మె నోటీసు ఉంది కాబట్టి ఆయన 14 రోజుల్లో రిపోర్టు పంపాలి, అంటే 24 దాకా. చర్చలు విఫలమైనా ఇంకో ఏడు రోజులు ఆగాలి. జూలై 1 వచ్చింది. ఈలోగా 25వ తేదీన యాజమాన్యం ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టింది. పాత చట్టంలో ట్రిబ్యునల్‌కు పంపాలంటే ప్రభుత్వం తలచుకోవాలి. ఇప్పుడు ఇద్దరిలో ఎవరైనా నేరుగా వెళ్లొచ్చు. కార్మికుడికీ అది మంచిదే, సర్కారు దయ కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ కేసు నడిచినంత కాలం, ఆ తర్వాత 60 రోజులు, సమ్మె నిషిద్ధం. ట్రిబ్యునల్ కేసులు ఎంతకాలం నడుస్తాయో లేబర్ కోర్టు వరండాలో కూర్చున్న ఎవర్నైనా అడగండి. దాటి సమ్మె చేస్తే కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. ఇంతకుముందు సమ్మె నిబంధనలు ఒక చట్టంలో, యూనియన్ రిజిస్ట్రేషన్ మరో చట్టంలో ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే కోడ్‌లో ఉన్నాయి. కోడ్‌ను ఉల్లంఘించిన సంఘం రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం రిజిస్ట్రారుకు ఉంది కాబట్టి, సమ్మెలో తప్పటడుగు వేస్తే 1926లో దొరికిన ఆ రక్షణ గోడ కిందికే నీళ్లు రావొచ్చన్నది యూనియన్ల భయం. అది ఉత్త భయం అని నేను అనుకోను.

మరి 1926 నాటి ఖాళీ సంగతి? 1947లోనే యాజమాన్యం యూనియన్‌ను గుర్తించి తీరాలని చట్ట సవరణ పాసైంది. దాన్ని అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ మాత్రం ఎప్పుడూ రాలేదు. 1958లో వచ్చిన క్రమశిక్షణ నియమావళి మంచి మాటలే గానీ చట్టం కాదు. దాని మీద నమ్మకంతోనే 1998 నుంచి సింగరేణిలో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. గనుల ముందు జెండాలు, గేట్ మీటింగులు, షిఫ్టు దిగి నల్లటి చేతులతో ఓటేయడానికి వరసలో నిలబడే మనుషులు, ఆ సందడి అసెంబ్లీ ఎన్నికలకు తీసిపోదు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. కొత్త కోడ్ ఈ గుర్తింపును మొదటిసారి అమల్లో ఉన్న కేంద్ర చట్టంలోకి తెచ్చింది. 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్‌తోనే యాజమాన్యం బేరమాడాలి. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం చొప్పున బలమున్న సంఘాలతో కౌన్సిల్ ఏర్పాటు చేయాలి. దాదాపు వందేళ్లుగా అడుగుతున్నది ఇది, మంచిదే. అయితే ఆ 51 శాతం లెక్కించేది సంస్థ మస్టరు రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉన్న కార్మికుల్లో.

ఆ మాట చెప్పగానే మా కుర్రాడు ఫోన్ తీసి తన పే స్లిప్ చూపించాడు. ఏడేళ్లుగా ఒకే గేటు లోంచి, ఒకే యూనిఫాం వేసుకుని, ఒకే మిషన్ మీద పనిచేస్తున్నాడు. స్లిప్ మీద ఉన్నది ఆ ఫ్యాక్టరీ పేరు కాదు, మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టరు పేరు. "అంటే నన్ను ఏ మస్టరులో లెక్కేస్తారన్నా?" అన్నాడు.